ఐదు సంఘాలకు ఒక్క కీబోర్డు

చర్చిలు చీలిపోవాలి! ఎంత చీలితే అంత మంచిది!

కోప్పడకండి. ఈ మాట అంటున్నది ఏ నాస్తికుడో కాదు. శంషాబాద్ రోడ్డు చర్చికి పన్నెండేళ్లుగా సెక్రటరీగా ఉన్నవాణ్ణి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒకటిని భాగిస్తే తగ్గుతుందని తరతరాల పిల్లలకు బెత్తం పట్టుకుని మరీ చెప్పాను. శుద్ధ తప్పు! మా ఊళ్లో ఒక చర్చిని భాగిస్తే ఐదు వచ్చాయి.

ఒకే చర్చి ఉన్న ఊళ్లను తలచుకుంటే నాకు జాలేస్తుంది. ఆదివారం కాస్త ఆలస్యంగా లేచారంటే అంతే, ఆ వారం ఆరాధన గోవిందా! మాకా బెంగ లేదు. ఆరున్నరకు రోడ్డు చర్చి. ఎనిమిదింటికి రేకుల చర్చి. తొమ్మిదిన్నరకు స్టేషన్ చర్చి. పదకొండింటికి మేడమీది చర్చి. పన్నెండున్నరకు టెంటు చర్చి. ఎంత బద్ధకస్థుడైనా ఏదో ఒకదానికి దొరికిపోతాడు. పరలోకానికి ఇన్ని సర్వీసులు నడిపే ఊరు బెంగళూరు రోడ్డు మీద మరొకటి ఉంటే చూపించండి!

ఎందుకు చీలామంటారా? అన్నీ లోతైన సిద్ధాంత కారణాలే. రేకుల చర్చివారు మా నుంచి విడిపోయింది ఫ్యాను దగ్గర. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాను పెద్దల వైపు తిరిగి ఉండాలా, స్త్రీల వైపు తిరిగి ఉండాలా అన్నది ప్రశ్న. ఆరు నెలలు కమిటీ వేశాం. ఈలోగా ఫ్యాను కాలిపోయింది. అయినా విడిపోయాం.

స్టేషన్ చర్చివారు రేకుల చర్చి నుంచి బయటికొచ్చింది ముగింపు ప్రార్థన వల్ల. అక్కడొక పెద్దాయన ముగింపు ప్రార్థన మొదలుపెడితే ప్రసంగమంతా మళ్లీ మొదటినుంచి దేవునికి అప్పజెప్పేవాడు. చివర్లో ఆమెన్ అనేసరికి సగం మంది ఇళ్లలో అన్నాలు తింటూ ఉండేవారు. పాటలో చప్పట్లు పల్లవికా చరణానికా అన్న తగాదాలో మేడమీది చర్చి పుట్టింది. ఆ మెట్లు ఎక్కలేని మోకాళ్ల నొప్పులవాళ్లు కిందికి దిగి టెంటు వేసుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు సబబుగా తోచిన చీలిక ఈ చివరిదొక్కటే.

ఇక వారం మధ్య సంగతి చూడండి. మంగళవారం స్త్రీల సమాజం, బుధవారం బైబిల్ స్టడీ, గురువారం గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యవ్వనస్థుల కూడిక. ఐదైదులు ఇరవై ఐదు, ఆదివారం ఆరాధనలు ఐదు కలిపితే ముప్పై. వారానికి ముప్పై కూడికలండీ! ఇంక మనిషికి చెడిపోవడానికి టైమెక్కడిది? మా రోడ్డు చర్చి ఎదురుగా చాయ్ దుకాణం పెట్టుకున్న జహంగీర్ ఓరోజు నాతో అన్నాడు కదా, "సార్, మీరు గిట్లనే కొట్లాడుకుంట ఉండున్రి. చర్చికొక చాయ్ గిరాకీ పెరుగుతున్నది." చూశారా, పక్క మతంవారికి కూడా దీవెనే!

అయితే మీలో ఐక్యత లేదుగా అని ఎవరో గొణుగుతున్నట్టు వినిపిస్తోంది. ఎందుకు లేదు? మా ఐక్యత పేరు వరప్రసాద్!

ముప్పై ఏళ్ల కుర్రాడు. కాటేదాన్‌లో ఓ ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఎనిమిదేళ్ల కింద సొంత జీతంతో ఓ కీబోర్డు కొనుక్కున్నాడు. ఐదు చర్చిలకు ఐదు మైకులున్నాయి, ఐదు బోర్డులున్నాయి, ఐదు రకాల చాపలున్నాయి. కీబోర్డు మాత్రం ఒక్కటే, అది వాయించేవాడూ ఒక్కడే. కీబోర్డుకు పాత దుప్పటి చుట్టి, లూనా వెనక తాడుతో కట్టుకుని, ఆదివారం పొద్దున్నే బయల్దేరేవాడు. మా దగ్గర ముగింపు దీవెన చెప్పీ చెప్పగానే రేకుల చర్చి. అక్కడ ఆమెన్ పూర్తికాకముందే స్టేషన్ చర్చి. సైడ్ స్టాండ్ వేసే తీరిక కూడా ఉండేది కాదు, లూనాను గోడకు ఆనించి లోపలికి పరిగెత్తేవాడు.

దీనివల్ల కలిగిన మేలు అంతా ఇంతా కాదు. మా పాస్టరుగారి ప్రసంగం గంటన్నర నుంచి నలభై నిమిషాలకు దిగింది. ప్రార్థనవల్ల కాదు, లూనావల్ల! స్టేషన్ చర్చి పెద్దలు మాకు ఎదురుపడితే వందనాలు చెప్పరు, తల తిప్పుకుని పోతారు. అయితేనేం? వాళ్లూ మేమూ చప్పట్లు కొట్టేది ఒకే బీటుకు. పైగా, "మా సంగీతం ముందర రోడ్డు చర్చి సంగీతం దిగదుడుపే" అని వాళ్లు చెప్పుకుంటారట. అదే మనిషి, అదే కీబోర్డు, అదే పాట!

ఐదు చోట్లా అతన్ని "మన వరప్రసాద్" అనే అనేవారు. అంత మంది సొంతం చేసుకున్న మనిషిని నేనింకొకణ్ణి చూడలేదు.

ఇలా అందరం హాయిగా చీలిపోయి బతుకుతుండగా కిందటేడు ఓ శనివారం షాద్‌నగర్ నుంచి ఓ గాయక బృందం మా యవ్వనస్థుల కూడికకు వచ్చింది. అందులో మృదుల అనే అమ్మాయి పాట ఎత్తుకుంది. అన్నేళ్లలో మొదటిసారి వరప్రసాద్ తప్పు మెట్టు నొక్కాడు. ఒకటి కాదు, మూడు! ముందు వరసలోని ఆడవాళ్లు ఒకరినొకరు గిల్లుకున్నారు. నాలాంటి మొద్దుకే అర్థమైందంటే ఇక చెప్పేదేముంది?

మాటలు నడిచాయి. ఈ ఏడాది జూన్‌లో అమ్మాయి తండ్రి గోపయ్య మా ఇంటికొచ్చారు. షాద్‌నగర్‌లో వాళ్ల సంఘానికి ఆయన పెద్ద. మంచినీళ్లు తాగి, కండువాతో మూతి తుడుచుకుని, సూటిగా విషయంలోకి దిగారు.

"పిల్లగాడు నచ్చిండు సార్. మా బిడ్డకు గూడ ఇష్టమే. గని ఏ సంఘం పిల్లగాడో మాకు కాయితం కావాలె. మా తాన అదే పద్ధతి. ఈ జులై ఆఖరుకల్ల కాయితం రాకుంటే, జడ్చర్ల సంబంధం చూసుకుంట."

కాగితమే కదా! నాకు నవ్వొచ్చింది. ఒక్క సంఘం ఉన్నవాడికి ఒక్క ఉత్తరం, ఐదున్నవాడికి ఐదు. చీలిక మహిమ మళ్లీ రుజువైందనుకున్నాను. ఆ సాయంత్రమే వరప్రసాద్‌ను పిలిచి, సభ్యత్వ పత్రం అచ్చుకాగితం తీసి, కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. పేరు రాశాను. తండ్రి పేరు రాశాను. బాప్తిస్మం తేదీ రాశాను. నాలుగో గడి దగ్గర కలం ఆగింది.

"చివరిసారిగా ప్రభు సంస్కారం తీసుకున్న తేదీ" అని ఉందక్కడ. నెలకోసారి, మొదటి ఆదివారం, సభ్యులందరికీ రొట్టె ముక్క, ద్రాక్షరసం ఇస్తాం కదా, అది. అది తీసుకున్నవాడే సంఘస్థుడు. తీసుకోనివాడు ఎన్నేళ్లు వచ్చిపోయినా చుట్టం కిందే లెక్క.

"ఏ తేదీ వేయమంటావు వరప్రసాద్?"

అతను నేల చూపులు చూశాడు. "తేదీ లేదు సార్."

"లేకపోవడమేమిటి?"

"అందరు తీసుకునేటప్పుడు నన్ను మెల్లగ వాయించుమంటరు గద సార్. ఆఖరి మనిషి తీసుకోంగనె అయ్యగారు దీవెన చెప్తరు. ఇగ నాకు రేకుల చర్చికి టైమైతది."

"అక్కడ?"

"అక్కడ గూడ గంతే సార్. అన్ని తాన్ల గంతే."

"ఒక్కసారైనా అడగొచ్చు కదయ్యా!"

"ఎట్లడుగుత సార్? పాట నడుస్తుంటది."

నేను లెక్కల మాస్టర్ని. లెక్క వద్దన్నా చేతులు ఊరుకోవు. ఎనిమిదేళ్లంటే తొంభై ఆరు మొదటి ఆదివారాలు. ఐదు చర్చిలు. నాలుగు వందల ఎనభై! మేడమీది చర్చి, టెంటు చర్చి కొంత ఆలస్యంగా పుట్టాయి కాబట్టి ఎనభై తీసేసినా నాలుగు వందలు ఖాయం. నాలుగు వందల సార్లు రొట్టె పళ్లెం ఆ కుర్రాడి మోచేతి పక్కనుంచి వెళ్లిపోయింది. మా చర్చిలో ఆ పళ్లెం పట్టుకుని తిరిగేది ఎవరనుకున్నారు? నేనే!

ఇతర చర్చిలలో ఎక్కడో ఒకచోట ఇచ్చే ఉంటారని ఆశ. మర్నాడు గొడుగేసుకుని బయల్దేరాను. పన్నెండేళ్లలో మొదటిసారి రేకుల చర్చి గుమ్మం తొక్కాను. అక్కడి పాస్టరు ఆశ్చర్యపోయాడు. "మీ తాన తీసుకుంటడనుకున్నం సార్. పొద్దుగాల్ల మొదట వచ్చేది మీ కాడికే గద!" స్టేషన్ చర్చిలో అడిగితే, రేకుల చర్చివారు పెట్టకుండా ఉంటారా అన్నారు. మేడమీదివారు స్టేషన్ చర్చి వైపు చూపించారు. టెంటువారైతే, "నాలుగు చోట్ల తీసుకుని వచ్చినోనికి ఐదోసారి ఎందుకని మేమే ఊకున్నం" అన్నారు.

గమనించారా? ఫ్యాను ఎటు తిప్పాలో కూడా ఒకరినొకరు నమ్మని ఐదు సంఘాలం, ఈ ఒక్క విషయంలో ఎంత గొప్ప నమ్మకం!

ఈ వార్త రెండు రోజుల్లో షాద్‌నగర్ దాకా పోయింది, ఊరంతా పాకింది. దాంతోపాటు ఓ భయం కూడా పాకింది. సంస్కారం ఇచ్చినవారిదే ఉత్తరం. ఉత్తరం ఇచ్చినవారిదే పెళ్లికొడుకు. పెళ్లికొడుకుతోపాటు కీబోర్డు కూడా!

ఇక చూడండి నా సామిరంగా, జులై ఆరో తేదీ, మొదటి ఆదివారం! పాస్టరుగారు పళ్లెం నా చేతికివ్వగానే, పెద్దల్ని, పాస్టరమ్మగారిని, అందర్నీ దాటుకుని సరాసరి కీబోర్డు దగ్గరికి నడిచాను. వరప్రసాద్ కీబోర్డు మెట్ల మీదినుంచి చేతులు తీశాడు. చేతులు తీయగానే పాట నట్టేట్లో మునిగింది. ఆడవాళ్లు ఒక శ్రుతి, మగవాళ్లు ఒక శ్రుతి, మా పాస్టరుగారు ఎవరికీ అందనిది ఇంకొకటి. వరప్రసాద్ రొట్టె ముక్కను రెండు చేతుల్తో అందుకుని, కాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. కానీ లూనా టైమైపోతోంది కదా, భుజం తట్టి పంపించేశాను.

రేకుల చర్చిలో మా ముక్కకు రెట్టింపు ముక్క ఇచ్చారట. స్టేషన్ చర్చిలో కుర్చీ వేశారట. మేడమీద అతనికోసం పాస్టరుగారే నాలుగు మెట్లు దిగి ఎదురొచ్చారట. టెంటులో చిన్న కప్పుకు బదులు నిండు గ్లాసు! ఒంటిగంటన్నరకల్లా వరప్రసాద్ ఐదు సంఘాల్లో సంపూర్ణ సభ్యుడు. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం వద్దన్నాడని వాళ్లమ్మ చెప్పింది.

మర్నాటికల్లా ఐదు ఉత్తరాలు తయారు. గోపయ్య మా వరండాలో కూర్చుని ఒక్కొక్కటే విప్పి చదివారు. మా సంఘ సభ్యుడు, క్రమం తప్పనివాడు, మా కన్నబిడ్డలాంటివాడు అని ఐదింటిలోనూ రాసుంది. నాలుగో గడిలో ఐదింటిలోనూ ఒకే తేదీ. ఆరు, ఏడు, తొంభై ఏడు.

ఆయన కాగితాలన్నీ పక్కపక్కన పరిచి, నావైపు చూశారు.

"సార్, మీరు లెక్కల సార్ గద. నాకు జర సమజ్ చేయున్రి. ఎనిమిదేండ్లు పిల్లగాన్ని పస్తు పెట్టి, ఒక్క దినంల ఐదుపార్లు తినిపించిన్రా?"

సిగ్గుతో చచ్చిపోయాను. చీలికల వల్ల కలిగే లాభాల జాబితా నా జేబులోనే ఉంది, తీయడానికి చెయ్యి రాలేదు.

"సంబంధం సంగతి?" అన్నాను చివరికి.

"పిల్లగాడేం జేసిండు సార్? పిల్లనిస్త. గని పెండ్లి మా తాన. పెండ్లైనంక షాద్‌నగర్‌లనే ఉంటడు. డ్యూటీకి బస్సుల పోతడు. ఇగ మీ చేతుల మాత్రం పెట్ట."

సెప్టెంబరులో పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. ఆ మరుసటి ఆదివారం నుంచి మా పని చూడాలి! ఐదు చర్చిలలో ఐదు పాటలు ఎత్తుకుంటారు, దించేవాడు లేడు. ప్రసంగాలు మళ్లీ గంటన్నర అయ్యాయి. మూడో వారానికి అద్భుతం జరిగింది. ఐదుగురు పాస్టర్లూ మా ఇంట్లో ఒకే చాప మీద కూర్చుని, ఒకే కెటిల్‌లోని చాయ్ తాగి, ఒక్క గొంతుతో తీర్మానం చేశారు. వరప్రసాద్‌ను ఆదివారం ఒక్కరోజైనా రప్పించాలి. ముగింపు ప్రార్థన కూడా రెండు నిమిషాల్లో అయిపోయింది. ఐక్యత అంటే ఇంత తేలికా అని నేనే విస్తుపోయాను.

రాయబారిగా నన్నే పంపారు. ఆదివారం పొద్దున షాద్‌నగర్ బస్సెక్కాను. గోపయ్య సంఘంలో ఓ ముసలాయన హార్మోనియం వాయిస్తున్నాడు. వరప్రసాద్ మగవాళ్ల వైపు మూడో వరసలో, చాప మీద బాసింపట్టు వేసుకుని, నోరారా పాడుతున్నాడు. ఎనిమిదేళ్లలో అతను పాడగా నేను చూడలేదు. మంచి గొంతు.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర పట్టుకున్నాను. ఐదు సంఘాల తీర్మానం చెప్పాను. బస్ చార్జీ ఇస్తామన్నాను. కొత్త కీబోర్డు కొంటామన్నాను. సంస్కారం అందరికన్నా ముందు నీకేనయ్యా అన్నాను.

అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మృదుల పక్కనే నిలబడి నవ్వు ఆపుకుంటోంది.

"మీరేమనుకోకున్రి సార్. వారంల ఏ దినమైన వస్త. గని ఆదివారం నాకు పనున్నది."

"ఫ్యాక్టరీకి సెలవే కదయ్యా. ఏం పని?"

"చర్చికి పోవాలె సార్."