వెనక్కి తిరిగిన చక్రం

ఆ ఉదయం ఛాయాదేవి ఒక్కటే పని పెట్టుకుంది. టిఫిను వేళ దాటకుండా ఒక నిమిషం వీడియో తీసి కైకలూరు కొండలయ్యకు పంపాలి. చేపల చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్ చక్రాలు ఆమె ఆటోనగర్ షెడ్డులో తయారవుతాయి. అంటే, ఇప్పటికి ఒకటి తయారైంది. కొండలయ్యకు పది కావాలి. నచ్చితే ఆర్డరు, నచ్చకపోతే షెడ్డుకు తాళం. ఆడమనిషి వెల్డింగు చేస్తుందా అని నవ్విన వీధంతా ఆ తాళం కోసమే కాచుక్కూచుంది.

కెమెరా పని మరిది పవన్‌కుమార్‌ది. నాలుగు పెళ్ళిళ్ళు వీడియో తీశాడు, ఇక తనకు తెలియంది లేదనుకుంటాడు.

"వదినా, షట్టర్ స్పీడు సెకనులో రెండువేలో వంతు పెట్టా. రెక్క రెక్కా అద్దంలా కనపడుద్ది."

"కనపడనీరా. స్విచ్చేస్తున్నా, తియ్యి."

నీళ్ళు పెట్టకుండా స్టాండు మీదే తిప్పారు. వీడియో వెళ్ళిన పది నిమిషాలకు కొండలయ్య ఫోను.

"అమ్మా ఛాయాదేవి గారూ, మీ చక్రం వెనక్కి తిరుగుతుందేంటండీ?"

"వెనక్కా? అబ్బే, లేదండీ!"

"నా రెండు కళ్ళతో చూశానండీ!"

ఛాయాదేవి వీడియో చూసింది. చక్రం ఊరేగింపు రథంలా నిదానంగా వెనక్కి పోతోంది. తలెత్తి అసలు చక్రం చూస్తే అంతా గుండ్రటి మసక. మన జనం జబ్బే ఇది. ఎదురుగా తిరిగే ఇనుమును నమ్మరు, ఫోన్లో తిరిగే బొమ్మను నమ్ముతారు. ఆమె కూడా నమ్మేసింది. మోటారు మూత విప్పి, మోటారు ఎదురు తిరిగేలా మూడు వైర్లలో రెంటిని అటూ ఇటూ మార్చేసింది. రెండో వీడియోలో చక్రం బుద్ధిగా ముందుకు తిరిగింది.

"ఇప్పుడు ముచ్చటగా ఉందమ్మా," అన్నాడు కొండలయ్య. "మధ్యాహ్నం వస్తా, నీళ్ళల్లో చూపించండి."

వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని తెల్లపంచెతో. సిమెంటు తొట్టి పక్కన, నీళ్ళు రాని వైపే చూసుకుని నిలబడ్డాడు. ఛాయాదేవి స్విచ్చి వేసింది. తొట్టిలో సగం నీళ్ళు లేచి కొండలయ్య మీద పడ్డాయి.

"ఆపండమ్మా! నీళ్ళు అటు పోవాలి గదా!"

వీడియో తీస్తున్న పవన్‌కుమార్ తల ఎత్తకుండానే అన్నాడు: "ఫోన్లో మాత్రం కరెక్టుగానే తిరుగుతుంది వదినా."

ఆ మాటకు ఛాయాదేవి బుర్ర వెలిగింది. ఫోను లాక్కుని, షట్టర్‌ను యాభయ్యో వంతుకు దించి మళ్ళీ తీసింది. రెక్కలు అలుక్కుపోయాయి. బుద్ధిగా ముందుకు పోయే రథం మాయమైంది.

"చూడండి కొండలయ్య గారూ. కెమెరా కంటి రెప్ప, అదే షట్టర్, రెప్పపాటులో వందోవంతు సేపే తెరిచి మూస్తే రెక్క బొమ్మలా నిలబడిపోతుంది. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య అది తన ముందు రెక్క ఉన్న చోటికి కొంచెం ఇవతలి దాకే వస్తే, మన కంటికి వెనక్కి జరిగినట్టుంటుంది. షట్టర్ కాస్త ఎక్కువసేపు తెరిస్తే రెక్క సాగి కనపడుద్ది, కన్ను మోసపోదు. నేను బాగున్న మోటారును చెడగొట్టా."

కొండలయ్య మొహం తుడుచుకోవడం ఆపేశాడు.

"మా చెరువులోవి పదీ పాతవమ్మా. ఎర్రటెండలో మా అల్లుడు ఫోన్లో తీసి, అన్నీ వెనక్కి తిరుగుతున్నాయన్నాడు. అందుకే గదా కొత్తవి!"

చెప్పొద్దు వదినా అన్నట్టు పవన్‌కుమార్ చెయ్యి ఊపాడు. ఛాయాదేవి ఒక్కసారి తన ఒక్క చక్రం వైపు చూసుకుంది.

"ఎండలో ఫోను తనంతట తనే షట్టర్ స్పీడు పెంచేసుద్దండీ. మీ పదీ బానే ఉండుంటాయి. కొత్తవి మీకు అక్కర్లేదు."

కొండలయ్య పంచె చెంగు పిండుకున్నాడు.

"అక్కర్లేకపోవడమేంటమ్మా! పదీ పొద్దున్నే పాతినుముకి తోలేశా. లారీ ఈపాటికి ఎక్కడుందో. చేపలు తేలకముందే పదీ చేసి పెట్టండి. నష్టమొచ్చే నిజాన్ని కూడా మొహం మీద చెప్పారు, ఇంకెక్కడికి పోతాను?"

వెళ్తూ వెళ్తూ, అల్లుణ్ణి రేపే పంపిస్తాను, ఆ షట్టర్ సంగతి కాస్త నేర్పించమని అడిగాడు.

తొందరేం లేదండీ, అంది ఛాయాదేవి.