ముత్యాలయ్య గుంటలో పట్టీలు

పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలను ఎత్తుకుపోయిన వరద వచ్చి మూడో ఏడు. తోటపల్లి గూడూరు పక్క, సముద్రపు గాలి తగిలే రొయ్యల గుంటల దగ్గర జరిగిన సంగతి ఇది.

ఆ పొద్దు ముత్యాలయ్యకు ఒకటే పని. గుంటలో వేలాడుతున్న మూడు ప్లాస్టిక్ పట్టీలను తీసి, తడిగుడ్డలో చుట్టి, అన్న కూతురు కరుణాకుమారి రాగానే చేతికివ్వాలి. ఆ తర్వాత చద్దన్నం తినాలి. అంతకంటే పెద్ద ఆలోచనలు ఆ మనిషికి లేవు. మాటలు ఇంకా తక్కువ. 'ఊ' అంటే సరిపోయే చోట 'అవును' అనడం దుబారా అనుకునే రకం.

కరుణాకుమారి నెల్లూరులో కెమిస్ట్రీ పరిశోధన చేస్తోంది. మొక్కజొన్న పిండితో చేసే ప్లాస్టిక్ ఒకటుందట. వాడి పారేస్తే నీళ్లలో, మట్టిలో తనంతట తానే తెగి కరిగిపోతుందని చేసినవాళ్లు చెబుతారట. నిజమో కాదో తేల్చడం ఆ పిల్ల పని. అందుకని ఆరు నెలల కిందట పట్టీలు తెచ్చి చిన్నాయన గుంటలో గుంజకు వరసగా కట్టింది. నెలనెలా వచ్చి, తూచి, కొన్ని తీసుకుపోయి మిషన్ కింద పెట్టేది. ఆ మిషన్ కంటికి కనపడని వెలుగు కొడుతుంది. ప్రతి వస్తువూ ఆ వెలుగులో తనకు పడింది మింగి, తక్కింది వదిలేస్తుంది. మింగిన చోట మిషన్ గీసే గీత లోయలాగా దిగుతుంది. ప్లాస్టిక్ లోపల తెగేకొద్దీ ఆ లోయలు మారాలి.

అక్కడే వచ్చింది చిక్కు. పట్టీలు నెలనెలా పొట్టివవుతున్నాయి. లోయలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. "ఇంత తరిగిపోయినదాని లోపల ఏమీ తెగలేదంటే ఎట్లా? మిషన్ అన్నా చెడి ఉండాలి, నీకన్నా చేతకాకుండా ఉండాలి" అన్నాడు పైనున్న పెద్ద సైంటిస్టు. ఆఖరి మూడు పట్టీలతో తేలకపోతే పని ఆపేయమన్నాడు.

"ఇవి పోతే నా చదువంతా పెన్నలో కలిసినట్టే చిన్నాయనా" అంది కరుణాకుమారి కిందటిసారి.

"పోవులే" అన్నాడు ముత్యాలయ్య. ఆయన ఒకరికి మాట ఇవ్వడమంటే అదే.

ఇప్పుడు గుంజ దగ్గరికి పోయి చూస్తే దారాలు ఉన్నాయి. పట్టీలు లేవు.

పక్క గుంట షావలీది. కట్ట మీద కూర్చుని మేత బకెట్ కడుగుతున్నాడు. కడిగిన బకెట్‌నే మళ్లీ కడుగుతున్నాడు. అతని వెనక నీళ్లలో తాడుకు కట్టిన తెల్లటి ముక్క ఒకటి ఊగుతోంది.

"షావలీ, అది నాది."

"నీదే అన్నా. నేను కాదంటినా? ఆ మందు పేరు చెప్పు చాలు, రేపట్నుంచి నేనే తెచ్చుకుంటా."

"మందు కాదు. ప్లాస్టిక్కు."

షావలీ నవ్వాడు. నవ్వడంలో అతని తప్పు లేదు. ఆ గుంటల దగ్గర పద్ధతులు రెండు. రొయ్య తింటోందో లేదో పైనుంచి కనపడదు గనక చెక్ ట్రే అని ఒక పళ్లెంలో కాస్త మేత వేసి నీళ్లలోకి దింపుతారు. కాసేపాగి లాగి చూస్తారు. తరిగితే తిన్నట్టు. అది మొదటిది. ఎవరు ఏ మందు వాడుతున్నదీ పక్కవాడికి చెప్పరు. డబ్బా మీది కాగితం చించి పొయ్యిలో వేసిన తర్వాతే మూత తీస్తారు. అడిగితే 'ఉత్త సున్నం' అంటారు. అది రెండోది.

"నెలనెలా చూస్తానే ఉండా అన్నా. పట్టీ తరిగిపోతుండాది. రొయ్యలు తినకపోతే యాడికి పోద్ది? పోయిన తూరి నా గుంటలో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చె. నీకు రాకపాయె. ఇయాల్టితో తీసేస్తారని వదిన నిన్న కొళాయి కాడ చెప్పింది. మందు అయిపోయినాక మేమేం చేసేది చెప్పు?"

"ప్లాస్టిక్కు" అన్నాడు ముత్యాలయ్య మళ్లీ.

"సరేలే, మా సున్నం మాదిరి."

"ఇయ్యి."

"ముక్కలు చేసి గుంట చుట్టూ కట్టేసినా గదన్నా. నేను తీసింది ఒకటే. రెండు నరేంద్రబాబు పట్టకపోయినాడు, ఏం మందో కనిపెడతానని."

నరేంద్రబాబుది సెంటర్లో మేత, మందుల అంగడి. ముత్యాలయ్య పోయేసరికి అక్కడ జనం పెళ్లి పందిట్లో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. నరేంద్రబాబు ఒక పట్టీని వాసన చూశాడు, నాకాడు, టీ కెటిల్‌లో వేసి ఉడికించాడు. వేడినీళ్లలో అది మెత్తబడింది. "కరిగే గుణం ఉండాది!" అని ప్రకటించి, రెండు పట్టీలనూ కత్తిరించి అడిగినవాళ్లకు తలా ఒక ముక్క పంచేశాడు.

"అది ప్లాస్టిక్కు. మా కరుణది. ఇయ్యండి" అన్నాడు ముత్యాలయ్య.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరేంద్రబాబు గల్లా దగ్గర నుంచి లేచాడు. "విన్నారా? సొంత తమ్ముడి పెళ్లిలో కూడా నోరు విప్పని మనిషి. ఇయాల ఇంత దూరం నడిచొచ్చి ఇన్ని మాటలు మాట్లాడినాడు. ఆలోచించండి. ఆయన అబద్ధం చెప్తుంటే ఇది మందు. నిజం చెప్తుంటే ప్లాస్టిక్కే మందు!"

ఆ మాటకు అడ్డం చెప్పాలంటే చాలా మాట్లాడాలి. ముత్యాలయ్య చూస్తుండగానే అంగడి ఖాళీ అయింది. ముక్క దొరికినవాడు ముక్క కట్టుకున్నాడు. దొరకనివాడు ఇంట్లోని క్యారీ బ్యాగును చించి కట్టుకున్నాడు. నరేంద్రబాబు కూడా ఊరుకోలేదు. అంగడిలోని తెల్ల సంచులను పట్టీలుగా కోసి, పైన ఏ కాగితమూ అతికించకుండా అమ్మకానికి పెట్టాడు. కాగితం లేకపోవడంతో జనానికి నమ్మకం ఇంకా పెరిగింది.

ముత్యాలయ్య తిరిగొచ్చేసరికి గుంటలన్నీ తెల్లగా, నీలంగా రెపరెపలాడుతున్నాయి. ఒక గుంట మీద చీరల అంగడి పేరు, ఇంకోదాని మీద మిఠాయి అంగడి పేరు. ఆయన సొంత గుంజకు కూడా మూడు వేలాడుతున్నాయి. ప్రాణం లేచొచ్చి దగ్గరికి పోయి చూస్తే, అవి ఇంట్లో కందిపప్పు తెచ్చిన సంచి ముక్కలు.

"నేనే కట్టినా" అంది భార్య ఆదిశేషమ్మ, కట్ట మీద నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఊరందరికీ చెప్తివి, కట్టుకున్న దానికి చెప్పకపోతివి. ఏమయ్యా, నేనేమన్నా పక్క గుంటదాన్నా?"

"మందు కాదు మే."

"నా కాడ కూడానా!" అని కొంగు విదిలించి పోయింది.

ఆటో దిగిన కరుణాకుమారి మొదట పిట్టలను తోలడానికి కట్టారనుకుంది. చేతిలో చిన్న పెట్టె ఉంది. నవ్వుకుంటూ వచ్చి చెయ్యి చాపింది.

"పట్టీలు, చిన్నాయనా?"

"ఉండాయి."

"యాడ?"

ముత్యాలయ్య చెయ్యెత్తి తూర్పు నుంచి పడమర దాకా చూపించాడు.

ఆయన దగ్గర ఒక్కో మాటా లాగి సంగతి తెలుసుకుని కరుణాకుమారి కట్ట మీద కూలబడింది. రేపు సైంటిస్టు ముందర ఏం పెట్టాలి? ఊరు కోసుకుపోయిందంటే ఎవరు నమ్ముతారు? ముత్యాలయ్య మంచినీళ్ల చెంబు ఇచ్చాడు. ఆ పిల్ల నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, పెట్టె తెరిచింది. లోపల జుట్టు ఆరబెట్టే మిషన్ లాంటిది, అదే కనపడని వెలుగు కొట్టే చేతి మిషన్ ఒకటుంది. "నా పట్టీకి ఒక లోయ ఉంటది. సంచికి ఆ లోయ ఉండదు. ఇది ఆనిస్తే చెప్పేస్తది. పద చిన్నాయనా, ప్రతి గుంటా చూద్దాం" అంది.

మిషన్ వచ్చిందన్న కబురు వాళ్లకంటే ముందు నడిచింది. రోగం కనిపెట్టే మిషన్ అన్నారు. జనం కప్పుల్లో రొయ్యలు, సీసాల్లో నీళ్లు పట్టుకొచ్చారు. పిచ్చమ్మ అవ్వ చీర కాస్త పైకి లాగి "ఈ మోకాలు కూడా ఒకసారి చూడు తల్లీ" అంది. చూడకపోతే కదలనంటే, కరుణాకుమారి ఆనించింది. అవ్వ నొప్పి తగ్గిందని చెప్పి వెళ్లిపోయింది. ఇక వరస పెరిగింది.

"సంచి" అనేది కరుణాకుమారి ఒక్కో పట్టీకి మిషన్ ఆనించి. "సంచి. ఇదీ సంచే." ఎప్పుడో ఒకసారి "ఇది నాది!" అని ఎగిరేది. అది విని, తమది సంచి అయినవాళ్ల మొహాలు నల్లబడ్డాయి. అందరూ ఒక్కసారిగా నరేంద్రబాబు అంగడికేసి నడిచారు. "నకిలీ మందు అమ్ముతావా?"

"అది ఉత్త ప్లాస్టిక్కు అబ్బా! నా మాట నమ్మండి!" అని మొత్తుకున్నాడు నరేంద్రబాబు.

"మాకు తెలుసులే, అసలుది లోపల దాచిపెట్టుకోనుండావు!"

ఇక్కడ కట్ట మీద పట్ట పరిచి కరుణాకుమారి తన ముక్కలన్నిటినీ పేర్చింది. పేర్చి తల పట్టుకుంది. మూడు పొట్టి పట్టీలకు ఇన్ని ముక్కలు కాకూడదు. కొన్నిటి మీద నెలల పాచి ఉంది. షావలీ గుంటలోవే ఎక్కువ.

"షావలన్నా, ఇవి ఇయాల కోసినవి కాదు."

షావలీ గోళ్లు చూసుకున్నాడు. "నేను నెలకొక్క ముక్కే కోసుకున్నా తల్లీ. అది కూడా కింద కొసన, నున్నగా. మా నాయన దర్జీ గదా. తక్కిందంతా రొయ్యలే తినినాయి."

"నేనూ ఒక్క ముక్కే" అన్నాడు అతని పక్క గుంటవాడు. "తక్కింది రొయ్యలు తిన్నాయనుకున్నా."

"నేనూ అంతే" అన్నాడు వాడి పక్కవాడు.

ఒకడు కోసింది చూసి రొయ్య తిన్నదని ఇంకొకడు కోశాడు. వాడు కోసింది చూసి మరొకడు. ఆరు నెలలుగా ముత్యాలయ్య గుంటలో ఆ పట్టీలను నీళ్లు ముట్టలేదు, రొయ్య ముట్టలేదు.

కరుణాకుమారి ఒక్కసారి పకపకా నవ్వింది. "మిషన్ చెడలేదు చిన్నాయనా! నాకు చేతకాకపోవడమూ కాదు! లోపల ఏమీ తెగలేదని అది మొదటి నెల నుంచీ చెప్తానే ఉండాది. ఈ నీళ్లలో ఇది కరగదు!" అక్కడి నుంచే సైంటిస్టుకు ఫోన్ చేసింది. "సార్, పట్టీలు కరగలేదు సార్, కోసుకున్నారు." అటునుంచి ఎవరని అడిగినట్టున్నాడు. "ఊరు, సార్" అంది.

చాలాసేపు విన్నాక ఆయన ఒప్పుకున్నాడు. పని ఆపనక్కర్లేదు. కాకపోతే కొత్త పట్టీలతో మొదటి నుంచి చేయాలి, ఈసారి కొస కూడా తరగకూడదు. కరుణాకుమారి కొత్త పట్టీల కట్టను చిన్నాయన చేతిలో పెట్టింది. "ఎట్టా కాపాడతావో నీ ఇష్టం."

"పోవులే" అన్నాడు ముత్యాలయ్య. ఆ పిల్లకు ఈసారి ఆ మాట మీద అంత గురి కుదిరినట్టు లేదు.

మర్నాడు పొద్దున్నే ముత్యాలయ్య కొత్త పట్టీలను గుంజకు వరసగా కట్టాడు. పక్క కట్ట మీద షావలీ మేత చల్లడం ఆపి మెడ చాచాడు.

"ఏందన్నా అది?"

"మందు" అన్నాడు ముత్యాలయ్య. కాస్త ఆగి, జన్మలో లేనిది ఇంకో మాట కూడా కలిపాడు. "బో మంచి మందు."

షావలీ "మందయితే చెప్తావా, పో అన్నా" అని నవ్వి, మేత చల్లుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు.

ఆ పట్టీలను ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు.