వెర్లిన్ మౌనవ్రతం

ఆదివారం పొద్దున లేస్తూనే వెర్లిన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు: సాయంత్రం ఫైనల్ ఆట ముగిసేదాకా నోరు విప్పకూడదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక చిన్న ఊరి బేస్‌బాల్ జట్టుకు అతను మూడో బేస్ దగ్గర నిలబడి, పరుగెత్తేవాళ్లకు కేకేసి చెప్పే కోచ్. నిరుడు ఫైనల్లో బంతి గాల్లోకి లేచింది. ఎదుటి జట్టు ఆటగాడు పట్టబోతుంటే వెర్లిన్ వెనకనుంచి "నాది, నాది" అని అరిచాడు. అరిచింది తన జట్టువాడే అనుకుని ఆ ఆటగాడు పక్కకు తప్పుకున్నాడు. మాటతో మోసగించడం తప్పు గనుక అంపైర్ బ్యాటరును ఔట్ ఇచ్చాడు, కప్పు పోయింది. మళ్లీ నోరు జారితే ఇరవై రెండేళ్ల కోచ్ పని వదులుకోవాల్సిందేనని జట్టు తేల్చిచెప్పింది. మైదానంలో ఆ సున్నపు గీతల మధ్య తప్ప ఈ లోకంలో వెర్లిన్ మాట వినేవాళ్లు ఎక్కడా లేరు, పాపం.

గుడ్లు ఎలా ఉన్నాయని భార్య ఆర్డిస్ అడిగితే తల ఊపాడు. ఆవిడకు ఒళ్లు మండింది. "కాబోయే అల్లుడు కర్టిస్ ఇవాళ మీతో ఆడే పక్క ఊరి జట్టువాడైతే ఏం? శనివారం కూతురి పెళ్లి పెట్టుకుని ఈ మూతిముడుపులేమిటి?"

అది కాదన్నట్టు వెర్లిన్ గొంతు చూపించాడు. కొంప మునిగింది అక్కడే. ఆవిడ పాస్టరుకు ఫోను చేసింది. చర్చిలో అతని గొంతుకోసం ప్రార్థన జరిగింది. మధ్యాహ్నానికి, జబ్బుచేసిన ఇంటికి పొరుగువాళ్లు వండి పంపే బంగాళాదుంపల హాట్‌డిష్‌లు నాలుగిళ్లనుంచి వచ్చాయి. ఆట మొదలయ్యేసరికి ఆపరేషన్ తేదీ కూడా ఊరే ఖాయం చేసేసింది.

కాబోయే అల్లుడు కర్టిస్ స్వయంగా వచ్చి భుజంమీద చెయ్యి వేశాడు. "వెర్లిన్ గారూ, పెళ్లిలో మీరేం మాట్లాడక్కర్లేదు. పక్కన నిలబడండి చాలు."

వెర్లిన్‌కు సిగ్గేసింది. నిజం చెప్పేద్దామనుకున్నాడు. చెప్పలేదు.

చివరి ఇన్నింగ్స్. స్కోరు సమానం, ఇద్దరు ఔట్, మూడో బేస్‌లో వెర్లిన్ జట్టు రన్నర్. బంతి నిట్టనిలువుగా లేచింది. దానికోసం అటునుంచి ఎదుటి జట్టు క్యాచర్, ఇటునుంచి కర్టిస్ ఆకాశంలోకి చూస్తూ పరుగెత్తుకొస్తున్నారు. ఒకరినొకరు చూసుకోవడం లేదని వెర్లిన్ ఒక్కడికే కనిపించింది. "ఆగండి" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాడు.

ఇద్దరూ ఢీకొన్నారు. బంతి నేలపాలైంది, రన్నర్ హోమ్ బేస్ చేరి పరుగు పూర్తిచేశాడు, కప్పు గెలిచారు. కర్టిస్ భుజం ఎముక విరిగింది.

అంబులెన్సు వెళ్లాక వెర్లిన్ ఆ రోజు మొదటిసారి నోరు తెరిచాడు. "నేను అరిచి ఉంటే ఔట్ ఇచ్చేవాడివా?" అని అంపైర్ని అడిగాడు.

"మోసగిస్తే ఇస్తాను. జాగ్రత్త అని చెబితే ఎందుకిస్తాను?" అన్నాడతను.

వెర్లిన్ ఇన్నేళ్లుగా అరుస్తూనే ఉన్నాడు, అరవాల్సిన ఒక్కసారి అరవలేదు. జట్టు కప్పు తెచ్చి చేతికిస్తే పక్కన కింద పెట్టేశాడు. మరో పదేళ్లు నువ్వే కోచ్‌వని వాళ్లు చెబుతుంటే తనకిక వద్దన్నాడు.

పెళ్లి ఫొటోలన్నిటిలో వరుడి చెయ్యి కట్టులో వేలాడుతూ ఉంది. పక్కన మామగారు, మెట్టుందనో, తివాచీ మడతపడిందనో హెచ్చరిస్తూ, అన్నిటిలోనూ నోరు తెరిచే ఉన్నారు.