గడ్డకు ప్రివ్యూ షో

డాక్టర్లు స్కానింగ్ తీయడం వరకే తీయాలి. అందులో ఉన్నది మంచి గడ్డో చెడ్డ గడ్డో తేల్చే పని ఫిల్మ్‌నగర్‌కి వదిలెయ్యాలి!

నవ్వకండి. గడ్డం ఉన్న ప్రతివాడూ గడ్డల మీద నిపుణుడైన పేట ఇంకెక్కడుంది?

మా అక్క రాజ్యలక్ష్మికి అండాశయంలో గడ్డ కనిపించింది. స్కానింగ్ చేసిన డాక్టర్ మెర్లిన్ తెర చూపించి మరీ చెప్పింది. "పల్చటి గోడ, లోపల ఉత్త నీళ్లయితే దాదాపు భయం లేదమ్మా. దీన్లో గట్టి కండ ఉంది, దానికి రక్తం కూడా బాగా పారుతోంది. క్యాన్సర్ కావచ్చు. ఆలస్యం చెయ్యకుండా సర్జన్‌ని కలవండి."

మా బావ కాశీవిశ్వనాథం సినీ నిర్మాత. "ఒక్క రివ్యూ చూసి సినిమా ఎత్తేస్తామా బావమరిదీ?" అన్నాడు.

ఎంత గొప్ప మాట! జూబ్లీహిల్స్‌లోని తన హోమ్ థియేటర్‌లో ఆ స్కానింగ్‌కి ప్రివ్యూలు మొదలుపెట్టాడు. రోజుకో బ్యాచ్! ప్రివ్యూ చూసి బయటికొచ్చినవాడు నిర్మాత మొహం మీద బాగాలేదని చెప్పడం మా ఇండస్ట్రీ ఆచారం కాదు.

దర్శకుడు హనుమంతు బావని కావలించుకున్నాడు. "క్లీన్ గడ్డ సార్! ఫ్యామిలీ అంతా చూడొచ్చు."

ఎడిటర్ తిరుమలేశ్‌కి కుడివైపు కాస్త లాగ్ అనిపించింది. ట్రిమ్ చేస్తే చాలన్నాడు.

షేక్‌పేట నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటర్ బాబీ అయితే, "ఫికర్ జేయకన్నా, గిట్లాంటివి మస్తు చూసినం" అని భుజం తట్టాడు.

నూటికి నూరూ పాజిటివ్ టాక్! పాజిటివ్ అంటే ఆస్పత్రిలో ఏడుస్తారు, ఇక్కడ స్వీట్లు పంచుతారు.

ఇంత ప్రజాస్వామ్యం ఏ ఆస్పత్రిలో ఉంది చెప్పండి? అక్కడ ఒకే ఒక్క డాక్టరు, అదీ ఏళ్లతరబడి ఆ తెరలే చూసి చూసి చాదస్తం పెరిగిన మనిషి. ఇక్కడో? హాలునిండా జనం. ఎవరికీ ఏ దురభిప్రాయమూ లేదు, ఎందుకంటే ఎవరికీ ఏమీ తెలియదు!

అన్నట్టు, ఆ ఇల్లు మొత్తానికి అండాశయం ఉన్న మనిషి ఒక్కతే. ఆవిణ్ణి మాత్రం ఎవరూ లోపలికి పిలవలేదు. ఎవరికి చక్కెర లేని టీ కావాలో కనుక్కుంటూ బయటే తిరుగుతోంది.

"ఈ షెడ్యూల్ అయ్యాక సర్జన్ సంగతి చూద్దాంలేవే" అన్నాడు బావ ఓ సాయంత్రం, అందరి ముందూ.

అక్క గుమ్మంలో ఆగింది. "ఏవండీ, మీ సినిమాల ప్రివ్యూలన్నిటికీ మీ పక్కనే కూర్చున్నదాన్ని. వీళ్లు సూపరన్నవాటిల్లో ఒక్కటైనా సోమవారం దాకా ఆడిందా?"

అక్క చెప్పులేసుకుని, "ఏరా, నువ్వూ టాక్ చెబుతావా, కారెక్కుతావా?" అంది నాతో. ఎక్కాను.

సర్జన్ గారు స్కానింగ్ చూశారు, తేదీ చూశారు, అక్క మొహం చూశారు. "ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?"

"మావారు బాగుందనేవాళ్లని వెతుకుతున్నారండీ" అంది అక్క. "దొరుకుతూనే ఉన్నారు."