బ్రెజిల్ బొంత

ఆ ఉదయం చిన్నపుల్లయ్య అనుకున్నది చిన్న పనే. పదింటికి జనం వచ్చేలోగా, పొట్టకూటికి వచ్చిన అరబ్బు దేశంలో, షర్క్ పేటలోని చిత్రశాల హాలు తుడిచి, ఓ మూల కూర్చుని టీ తాగాలి. ఆ దేశంలో ఉండనిచ్చే అతని ఇఖామా కాగితానికి గడువు ఇంకో వారమే ఉంది. పొడిగించమని, వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కు చెప్పాల్సింది సూపర్‌వైజర్ అబ్దుల్ ఖుద్దూస్. అందుకే ఆ వారం పుల్లయ్య గాలి కూడా అడిగి పీల్చుకుంటున్నాడు.

హాల్లో బ్రెజిల్ కళాకారిణి రంగురంగుల గుడ్డలతో కుట్టిన పది అంగీలు కొక్కేలకు వేలాడుతున్నాయి. ఎంత ఖరీదైనవో ఏమోనని ఖుద్దూస్ వాటి చుట్టూ తాడు కట్టి, ముట్టరాదని బోర్డు పెట్టాడు. మూడు రోజులుగా జనం దూరం నుంచే చూసి, గౌరవంగా తల ఊపి వెళ్తున్నారు.

పుల్లయ్యకు మాత్రం అవి అచ్చం తమ రాయచోటి బొంతల్లా కనబడ్డాయి. ఒకదానికి రెండు పక్కలా కుట్టు విడిపోయినట్టుంది. చిరిగిన బొంతను చూసి ఊరుకునే ఇంట్లో అతను పుట్టలేదు. తాడు దాటి, జేబులో ఎప్పుడూ ఉండే సూదీ దారం తీసి రెండు పక్కలా మూసేశాడు. ఎలా కుదిరిందో చూద్దామని తలమీంచి తొడుక్కున్నాడు. తాను మూసినవి చేతులు పెట్టుకునే కంతలని అప్పుడు తెలిసింది. చేతులు లోపలే బిగుసుకుపోయాయి.

"ఏం పని చేసినావు నువ్వు? నీ ఇఖామా ఖలాస్" అంటూ ఖుద్దూస్ వచ్చి పట్టుకుని లాగాడు. లాగేకొద్దీ పుల్లయ్య బొంగరంలా తిరిగాడు. తాడు తెగింది, బోర్డు పడింది. అప్పుడే తలుపులు తెరుచుకుని జనం వచ్చి, ఇదీ ప్రదర్శనేననుకుని చప్పట్లు కొట్టారు. చప్పట్లు తాళంలో పడ్డాయి. ఇరవై ఏళ్లు చెక్కభజన ఆడిన కాళ్లవి. ఉద్యోగం పోతోందన్న కబురు వాటికి అందలేదు. ఆ అడుగు ఎంత అందంగా పడిందో చూసి తీరాలి. ఎరుపు వెనకాల పసుపు, పసుపు వెనకాల నీలం పరుగులు తీశాయి. కొక్కేనికి ఉన్నంతసేపూ అది ఉత్త గుడ్డే, మనిషి ఆడితే ప్రాణం వచ్చింది. చూస్తుండగానే మిగతా తొమ్మిదీ జనం ఒంటిమీదికి ఎక్కాయి.

ఆ సందట్లో కళాకారిణి వచ్చింది. తప్పంతా ఈ ఊడ్చేవాడిదేనని, ఇవాళే పంపించేస్తానని ఖుద్దూస్ ఆమెకు చేతులు కట్టుకుని విన్నవించుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటాంది అన్నా?" అన్నాడు పుల్లయ్య బొంతలోంచి.

ఖుద్దూస్ మింగలేక కక్కలేక చెప్పాడు. "అవి చూసేటందుకు కాదంట. తొడుక్కోని ఆడేటందుకంట. మూడు దినాలుగా ఎవురూ ముట్టల్యాదని ఈపొద్దు పెట్టె సర్దుకుంటా ఉండెనంట." తెగిన తాడును కాలితో పక్కకు నెట్టి, "తాడు కట్టినోడు ఎవురని అడగతాంది" అన్నాడు.

"నాకు తెలీదని చెప్తాలే. నా ఇఖామా సంగతి కఫీల్‌కు ఎప్పుడు చెప్తావు?"

"ఇప్పుడే."

ప్రదర్శన ముగిసేదాకా రోజూ పుల్లయ్యే ఆట మొదలుపెట్టాడు. హాలు ఖుద్దూస్ తుడిచాడు.