పావంగుళం తక్కువైన మనిషి మనకెందుకు?

మన టొలీడో గ్లేజియర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఎడమ పక్క టాకిల్ అక్కర్లేదు! ఈ మాట బాగా ఆలోచించి, కడుపునిండా పెర్చ్ చేపల వేపుడు తిని, స్థిరచిత్తంతో రాస్తున్నాను.

టాకిల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. అయినా పెళ్ళి చేసుకుని కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళ కోసం ఒక్క ముక్క. మన క్వార్టర్‌బ్యాక్ కోల్బీ రాస్ముసెన్ కుడిచేత్తో బంతి విసురుతాడు. విసిరేటప్పుడు అతని వీపు ఎడమవైపుకు ఉంటుంది. ఆ వైపు నుంచి గుమ్మంలో పట్టనంత భారీ మనుషులు అతని మీదికి పరుగెత్తుకొస్తారు. వాళ్ళకు అడ్డంగా నిలబడేవాడే ఎడమ టాకిల్. బంతి ముట్టుకోడు, పాయింట్లు తేడు. ఇంకొకడి వీపు కాయడమే అతని ఉద్యోగం.

ఈ సీజన్ మూడో వారంలో మన టాకిల్ మోకాలు పోయింది. అతని చోట నిలబెట్టిన కొత్తవాడు వచ్చేవాళ్ళకు దారి ఇవ్వడంలో చాలా మర్యాదస్తుడు. ఆ తర్వాత ఏడు ఆటల్లో కోల్బీని ముప్పై ఎనిమిదిసార్లు నేలకేసి కొట్టారు. ఇదే సమయంలో ఓడెల్ క్రచ్‌ఫీల్డ్ అనే టాకిల్, ఏ జట్టుతోనూ ఒప్పందం లేక, గంట దూరంలో ఫిండ్లేలో గుమ్మడికాయలు పండించుకుంటూ ఖాళీగా ఉన్నాడు. పదకొండేళ్ళ అనుభవం. ఆయన్ని తీసుకోండి మొర్రో అని ఊరంతా ఒకటే గోల!

మన జనరల్ మేనేజర్ వాన్స్ లిండ్‌క్విస్ట్ గారు మాత్రం చెక్కుచెదరలేదు. "బేరీజు వేస్తున్నాం" అన్నారు. నాలుగు వారాలుగా వేస్తూనే ఉన్నారు. పెద్దమనిషి తరహా అంటే అదీ!

ఏమి బేరీజు వేస్తున్నారని అడుగుతారేమో. చెయ్యి! ఒప్పందం లేని ఆటగాళ్ళను మంగళవారం పిలిచి పరీక్షించడం మన ఆనవాయితీ. టాకిల్ చెయ్యి భుజం నుంచి వేలికొస దాకా ముప్పై నాలుగు అంగుళాలు ఉండాలన్నది మన జట్టు నియమం. ఓడెల్ చెయ్యి పావంగుళం తక్కువ. అయినా లిండ్‌క్విస్ట్ గారు ఉదారంగా మూడు మంగళవారాలు పిలిపించి, మూడు వేర్వేరు టేపులతో కొలిపించారు. చెయ్యి పెరగలేదు. ఇది మొండితనం కాకపోతే ఏమిటి?

ఆ చేత్తోనే పదకొండేళ్ళు అందరినీ ఆపాడు కదా అని వాదించేవాళ్ళున్నారు. ఆపి ఉండవచ్చు. నియమం ప్రకారం ఆపలేదు!

ఆయన చరిత్ర మాత్రం ఏమంత గొప్పది? స్టేడియం మైకులో టాకిల్ నంబరు వినిపించేది ఒక్క సందర్భంలోనే. ఎదుటివాడి చొక్కా పట్టుకు లాగినప్పుడు రిఫరీ తప్పు ప్రకటిస్తాడు. ఓడెల్ నంబరు నేను ఇన్నేళ్ళలో తొమ్మిదిసార్లు విన్నాను. తొమ్మిదీ తప్పులే! మిగతా కొన్ని వేలసార్లు ఆయన ఏం చేస్తున్నాడో మైకులో ఎవరూ చెప్పలేదు. నేనూ ఈ పత్రికలో ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను, ఏ టాకిల్ గురించీ ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. నేను రాయనిది జరిగిందని ఎలా నమ్మమంటారు?

పైగా వయసు ముప్పై నాలుగు. ముసలాడయ్యాడని ఓనరుగారి అభిప్రాయం. ఓనరుగారికి ఎనభై మూడు. ఆట మధ్యలో ఒక కునుకు తీస్తారు, నిజమే, కానీ దాన్ని అనుభవం అంటారు.

టాకిల్ లేకపోవడం వల్ల ఊరికి జరుగుతున్న మేలు ఒక్కరైనా గమనించారా? మా పక్కింటి ఆరేళ్ళ పిల్ల జెస్సాకు అక్షరాలు ఇంకా పూర్తిగా రావు, ఎముకల పేర్లన్నీ వచ్చు. శనివారం కంచె మీద నుంచి నన్ను అడిగింది, "అంకుల్, కోల్బీకి రేపు పక్కటెముకా, చీలమండా?" ఇంత పరిజ్ఞానం ఏ బడి నేర్పుతుంది?

నేను ఏకపక్షంగా రాసే మనిషిని కాను. అవతలివాళ్ళ మాట కూడా వినాలని ఫిండ్లే వెళ్ళాను. గుమ్మడి తోటలో వంగి ఉన్న ఓడెల్ నన్ను చూసి నడుము నిలబెట్టాడు.

"ఏం సార్, మీరూ టేపు తెచ్చారా?"

లేదన్నాను.

"హమ్మయ్య! మా ఆవిడ చొక్కా కుట్టిస్తున్నారా ఏమిటని ఎగతాళి చేస్తోంది సార్. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం టీవీ బంద్."

"ఎందుకని?"

"మీ వాళ్ళ ఆట చూస్తానా, బంతి కదలగానే నా ఎడమ కాలు దానంతటదే వెనక్కి పోతుంది. మొన్న కాఫీ బల్ల విరగదన్నేశాను. సార్, నాకు పోస్టర్లొద్దు, ఇంటర్వ్యూలొద్దు. ఆ పిల్లోడికి వెనక ఏమొస్తోందో తెలీదు. ఆ పక్కన నన్ను నిలబడనివ్వమనండి, అంతే."

చూశారా? బల్లలు విరగ్గొట్టేవాణ్ణి మనం కోల్బీ పక్కన నిలబెట్టాలట!

కోల్బీ తల్లి గ్రెచెన్ గారినీ కలిశాను. ఆవిడ స్కూలు బస్సు నడుపుతారు. బస్సు అద్దాలు తుడుస్తూనే మాట్లాడారు.

"నలభై మంది పిల్లలండీ. ఆఖరివాడు కూర్చునేదాకా బ్రేకు మీంచి కాలు తియ్యను. హారన్లు కొడతారు, తిడతారు, నేను కదలను. నా కొడుకు దగ్గరికొచ్చేసరికి ఒక్కడూ బ్రేకు వెయ్యడేం? మొన్న ఫోన్ చేసి, చెప్పిందే రెండుసార్లు చెప్పాడండీ. తలకి దెబ్బ తగిలి మరుపొస్తోందేమోనండీ."

ఆవిడ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ తల్లుల మాట మీద జట్లు నడవవు. తల్లులు దేన్నీ టేపుతో కొలవరు.

ఆ తర్వాత ఆదివారం వచ్చింది. రెండో భాగం మొదలైన కాసేపటికి కోల్బీ బంతి పట్టుకుని కుడివైపు చూస్తున్నాడు. ఎడమవైపు నుంచి వస్తున్నవాణ్ణి స్టేడియంలో అరవై వేలమందిమి చూశాం. చూడనివాడు అతనొక్కడే. అందరం ఒక్కసారి అరిచాం. అరుపులు అడ్డం నిలబడవు.

కాసేపటికి లేచాడు. చప్పట్లు కొట్టాం. అతను నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి అవతలి జట్టు బెంచీ మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. వాళ్ళు పోశారు. క్రీడాస్ఫూర్తి అంటే అదేనని మెచ్చుకుంటూ రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. ఆ కుర్రాడికి తన జట్టు ఏదో తెలియలేదు. నాకు భయం వేసింది. గ్రెచెన్ గారు మెట్లు దిగుతూ, కొడుకు పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. అతను అటు తిరగలేదు.

సోమవారం విలేకరుల సమావేశం. కోల్బీ ఆస్పత్రిలో ఉన్నాడని, ఎప్పుడు ఆడతాడో డాక్టర్లే చెప్పాలని లిండ్‌క్విస్ట్ గారు ప్రకటించారు. ఓడెల్ సంగతేమిటని అడిగితే, రేపు మంగళవారం కనుక ఇంకోసారి కొలిపిస్తామన్నారు. నేను తల ఊపాను. ఇరవై రెండేళ్ళుగా తల ఊపడం నాకు అలవాటే.

అప్పుడు గమనించాను. లిండ్‌క్విస్ట్ గారికి అటూ ఇటూ, వెనకా నలుగురు మనుషులు. గుమ్మంలో పట్టనంత భారీ మనుషులు. నలుగురూ ఆయన వైపు వీపు పెట్టి, చుట్టూ చూస్తూ నిలబడ్డారు. సమావేశం ముగిశాక, ఎడమ పక్క నిలబడ్డవాణ్ణి పలకరించాను.

"ఎప్పుడు చేరావు తమ్ముడూ?"

"నిన్ననేనండీ. ఆట అయ్యాక పార్కింగ్‌లో ఎవడో సారుని భుజంతో తోశాడంట. అరగంటలో నాకు ఫోనొచ్చింది."

"దెబ్బేమైనా తగిలిందా?"

"అబ్బే, కోటు మీద సాసు పడిందంతే."

"మరి అంత మాత్రానికి నలుగురెందుకు?"

అతను నన్ను జాలిగా చూశాడు.

"భలేవారే! మనిషి వీపుకి కళ్ళుంటాయా అండీ? ఎవరో ఒకరు నిలబడాలి కదా."