నన్ను పొమ్మనడానికి నా సంతకం

పరలోకంలో కూడా విదేశీయులకు వేరే కిటికీ ఉంటుందా అన్న అనుమానం నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. ఉంటే ఆ కిటికీకి కూడా భోజన విరామం ఉంటుందా అన్నది దానికి పుట్టిన పిల్ల అనుమానం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టర్ ఎన్‌టులి గారిని అడిగేశాను. ఆయన గడ్డం నిమురుకుని, "యాకోబు కలలో నిచ్చెన మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉన్నారు గాని, కింద నిలబడి కాగితాలు చూసేవాడు ఉన్నట్టు రాయలేదు బ్రదర్" అన్నారు. (రాయలేదు అన్నారే గాని, లేడు అనలేదు. చదువుకున్నవాళ్ల జాగ్రత్త అలాగే ఉంటుంది.)

నా పేరు లవ్‌మోర్ చిక్వావ. పుట్టింది జింబాబ్వేలో, ముతారే దగ్గర. బతుకుతున్నది దక్షిణాఫ్రికాలో, రీట్‌డ్రిఫ్ట్ అనే చిన్న ఊళ్లో. అక్కడి మున్సిపాలిటీకి కరెంటు ఇంజనీరుని. దేశంలో దొరకని పనివాళ్ల జాబితా ఒకటి ప్రభుత్వం దగ్గర ఉంది. అందులో నేనున్నాను. అంటే చట్టప్రకారం నేనొక కొరత. మొక్కజొన్న పిండికి కొరత వస్తే జనం పిండి కోసం బారులు తీరతారు. ఇంజనీరుకు కొరత వస్తే మాత్రం ఇంజనీరే వెళ్లి బారులో నిలబడాలి.

ఇక్కడ పనిచేయడానికి నాకిచ్చిన పర్మిట్ గడువు తీరబోయే ప్రతిసారీ నా ఉద్యోగం ఖాళీగా ఉందని మున్సిపాలిటీ ప్రకటన వేస్తుంది. స్థానికులు ఎవరైనా ఆ పని చేయగలరేమోనని పరీక్ష పెడుతుంది. ప్రశ్నలు తయారు చేయడం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ప్రశ్నపత్రం నేనే రాస్తాను. న్యాయంగానే రాస్తాను, పైన దేవుడు చూస్తుంటాడు. కిందటిసారి లెరాటో అనే అమ్మాయి చక్కగా నెగ్గింది. దగ్గరుండి పని నేర్పాను. పని పూర్తిగా చేతికి రాగానే ఆమె ఐర్లండ్ వెళ్లిపోయింది. అక్కడ ఆమె కొరతట. తమ ఉద్యోగాలు తీసుకుందని అక్కడివాళ్లు ఆమె వీధిలో బోర్డులు పట్టుకుని తిరుగుతున్నారని ఈమధ్య మెసేజ్ పెట్టింది. "సార్, మీరు నేర్పినవన్నీ ఉపయోగపడుతున్నాయి" అని చివర్న రాసింది.

మా పక్కింటాయన సితేబే. నేను ఆయన్ని మామా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, మధ్యలో ఒక గోడ ఉంది. ఇటుకల కంపెనీలో ముప్పాతిక జీవితం పనిచేశాడు. కంపెనీ మూతపడ్డాక 'మన ఊరి పని మనకే సమితి'కి కార్యదర్శి అయ్యాడు. విదేశీయుల్ని ఊరు దాటించడం ఆ సమితి ఆశయం.

నేను ఈ ఇంట్లో దిగిన కొత్తలో, గాలికి లేచిన రేకు బిగించుకోవాలని ఆయన మా నిచ్చెన అడిగి పట్టుకెళ్లాడు. ఇప్పటివరకు తిరిగి రాలేదు. మా ఆవిడ షామిసోకి ఆ నిచ్చెన మీద గట్టి పట్టింపు. మా పెట్టెల్ని అటక మీద పెట్టింది ఆ నిచ్చెనతోనే.

"చిపో నాన్నా, ఇవాళైనా అడిగావా?" అంటుంది. (చిపో మా అమ్మాయి.)

"అడుగుతాలే. క్రిస్మస్‌కి ఊరెళ్లడానికి గళ్ల సంచులు చాలుగా?"

"సంచులు చాలు. ఆ పెట్టెలు మకాం ఎత్తేసినప్పటికే. అయినా మన నిచ్చెన మన ఇంట్లో ఉంటే మంచిది కాదూ?"

ఈమధ్య ఆ నిచ్చెనకు పని పెరిగింది. "విదేశీయులారా, మీ ఇళ్లకు పోండి" అన్న పోస్టర్లు మా వీధి కరెంటు స్తంభాల మీద బాగా ఎత్తున వెలిశాయి. స్తంభాల మీద పోస్టర్లు కనిపిస్తే కరెంటు శాఖ తీసేయాలని మున్సిపల్ నిబంధన. శాఖ నిచ్చెన మరమ్మతుకు వెళ్లి అక్కడే స్థిరపడింది. (దాన్ని ఎవరూ విదేశీ అనలేదు.) కాబట్టి ఆ పోస్టర్లు తీయాలంటే నా సొంత నిచ్చెన కావాలి. అదేమో పోస్టర్లు అంటించడంలో తలమునకలుగా ఉంది.

ఒక సాయంత్రం సితేబే మామ గోడ మీద మోచేతులు ఆనించి పిలిచాడు.

"అల్లుడూ, చిన్న సంతకం కావాలి."

"దేనికి మామా?"

"వచ్చే శనివారం ఊరేగింపు. మైకుకి వీధి స్తంభం నుంచి కరెంటు తీసుకోవాలట. ఇంజనీరు సంతకం ఉండాలి, ఆ రోజంతా ఇంజనీరు దగ్గరుండాలి అన్నారు ఆఫీసులో."

"ఊరేగింపు ఎవరి మీద?"

ఆయన కాస్త నొచ్చుకున్నాడు. "నీ మీద కాదయ్యా! మీవాళ్ల మీద."

"మావాళ్లంటే ఈ వీధిలో మేమే కదా మామా?"

"అందుకే కదా నీకు ముందే చెప్తున్నా. వేరేవాళ్లయితే చెప్పేవాళ్లా?"

నాకు చాలాకాలంగా అడగాలని ఉన్న మాట అడిగాను. "మామా, నీ పని నేను తీసుకున్నానా?"

ఆయన గోడ మీద పెచ్చు గోటితో గీరాడు. "ఇటుకలు కాల్చే పని నీకేం తెలుసు? నువ్వెందుకు తీసుకుంటావు? కంపెనీ మూసేసినవాడి ఇల్లెక్కడో నాకు తెలీదు అల్లుడూ. నీ ఇల్లు పక్కనే కదా."

ఇంత నిజాయితీగా మాట్లాడే కార్యదర్శి దొరకడం ఏ సమితికైనా అదృష్టం. సంతకం పెడదామని కలం తీశాను గాని, అప్పుడే గుర్తొచ్చింది. నా పర్మిట్ గడువు శుక్రవారంతో అయిపోతుంది. శనివారం నేను ఇంజనీరుని కాను, నేరస్తుణ్ని. మళ్లీ ఇవ్వమని పెట్టుకున్న దరఖాస్తు పర్మిట్ల ఆఫీసులో ఎప్పటినుంచో 'పరిశీలనలో' ఉంది. ఇవ్వకపోతే భార్యాబిడ్డలతో సరిహద్దు దాటడమే.

"మంచిదేగా మామా," అన్నాను. "పర్మిట్ రాకపోతే ఊరేగింపు అవసరమే ఉండదు. నేనే వెళ్లిపోతాను."

"అదెలా కుదురుతుంది?" అన్నాడు ఆయన కంగారుగా. "పక్క ఊళ్ల నుంచి బస్సులు మాట్లాడాం. టీషర్టులు అచ్చేయించాం. నువ్వు పోతే మైకుకి కరెంటెవడు ఇస్తాడు?"

సమితి ఆ రాత్రే అత్యవసరంగా సమావేశమై, నన్ను వెళ్లగొట్టే కార్యక్రమం సజావుగా జరగాలంటే ముందు నన్ను ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించింది.

శుక్రవారం పొద్దున్నే పర్మిట్ల ఆఫీసు ముందు బారులో నా వెనక సమితి మొత్తం నిలబడింది. సమితి టీషర్టుల మీద "మీ ఇళ్లకు పోండి" అని ఉంది. బారులో ఉన్న మొజాంబిక్ వాళ్లూ, మలావి వాళ్లూ అది చదివి పక్కకు జరగమన్నారనుకుని జరిగారు. మాకు తొందరగానే వంతు వచ్చింది.

కిటికీ వెనక మొలొపే అమ్మగారు ఉన్నారు. కళ్లజోడు మీదుగా నన్ను చూసి, నా వెనక గుంపును చూసి, "వీళ్లెవరు?" అన్నారు.

"మేం ఇతని కోసం వచ్చాం తల్లీ," అన్నాడు సితేబే మామ. "ఇవాళే పర్మిట్ ఇవ్వాలి."

"ఎందుకంత తొందర?"

"ఇతను లేకపోతే ఇతన్ని పొమ్మనడానికి మాకు వీలు లేదు."

ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ ఉద్యోగంలో అంతకన్నా చిత్రమైనవి విని ఉంటారు. "ఈ పని చేయగల స్థానికుడు లేడని ఊళ్లో గుర్తింపు ఉన్న సంఘం రాసివ్వాలి. ఇంతకాలం ఆగింది దాని కోసమే. మీ సంఘానికి గుర్తింపు ఉందా?"

"ఎందుకు లేదు! ముద్ర కూడా ఉంది."

అక్కడే బెంచీ మీద కూర్చుని రాశారు. ఈ ఊళ్లో ఈ పని చేయగలవాడు లవ్‌మోర్ చిక్వావ ఒక్కడేనని, నెమ్మదస్తుడని, దైవభక్తి గలవాడని, ఇతను వెళ్లిపోతే ఊరికి తీరని లోటని రాశారు. (నా సంతాప సభలో కూడా ఎవరూ అంత బాగా మాట్లాడరు.) కింద 'మన ఊరి పని మనకే' అని గుండ్రటి ముద్ర కొట్టారు. అమ్మగారు అది చదివి, 'ప్రజాప్రయోజనం' అన్న గడిలో టిక్కు పెట్టి, రెండేళ్లకు పర్మిట్ ఇచ్చారు.

సమితి చప్పట్లు కొట్టింది. కోశాధికారి నన్ను కౌగలించుకున్నాడు. ఆఫీసు మెట్ల మీదే ఊరేగింపు కాగితం మీద సంతకం పెట్టేశాను.

తిరుగు మినీబస్సు టాక్సీలో నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని రేపటి నినాదాలు సాధన చేశారు. పాట బాగుంది. రాగం మా చర్చిలోదే. నాకు తెలియకుండానే రెండో గొంతు కలిపాను.

"అల్లుడూ, ఒక మాట చెప్పు," అన్నాడు మామ. "మైకు పెద్ద చౌరస్తాలో పెడితే నీ ఇంటిదాకా వినబడుతుందా?"

"మైకు నోరు మా వైపు తిప్పితే వినబడుతుంది మామా."

"తిప్పుతాంలే," అన్నాడు భరోసాగా.

ఇంటికెళ్లి పర్మిట్ చూపిస్తే షామిసో దాన్ని బైబిల్లో పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని స్తోత్రం చెప్పింది. మొక్కజొన్న పిండితో సద్జా వండి, ఆకుకూరలో వేరుశనగ పొడి కాస్త ఎక్కువే వేసింది. రెండేళ్లు! చిపో ఈ బడిలోనే పై క్లాసుకి వెళ్తుంది.

మేం తినబోతుంటే గేటు చప్పుడైంది. సితేబే మామ. భుజాన మా నిచ్చెన ఉంది. శుభ్రంగా కడిగాడు. పోస్టర్ల జిగురు మచ్చ ఒక్కటీ లేదు. విరిగిన మెట్టు ఒకటి ఉండేది, దానికి కొత్త చెక్క వేశాడు.

"ఏంటి మామా, ఇప్పుడు గుర్తొచ్చిందా?" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. నిచ్చెనను గోడకు చేరేసి, అది జారదని రెండుసార్లు కదిపి చూసుకున్నాడు. "సమితివాళ్లు నా మాట వింటారు అల్లుడూ. పక్క ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల సంగతి నాకు తెలీదు. ఒకరి వస్తువు మన ఇంట్లో ఉండిపోకూడదు. రేపు నువ్వెక్కడున్నా, సితేబే దొంగ అనుకోకూడదు."

"లోపలికి రా మామా, సద్జా వేడిగా ఉంది. మీరు దీన్నే పాప్ అంటారుగా, అదే అనుకుని తిను."

"ఇవాళొద్దులే," అని ఆయన గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లూ ఆ నిచ్చెన కోసం పోరిన షామిసో, వెళ్లి దాన్ని లోపలికి తెచ్చింది. తలుపు గడియ పెట్టింది. కంచాల మీద మూతలు పెట్టింది. నిచ్చెనను అటక కింద నిలబెట్టి, నా వైపు చూసింది.

ఎక్కాను. మామ నిజంగానే మంచి చెక్క వేశాడు. రెండు పెట్టెలతో దిగినా ఒక్క మెట్టు కూడా కిర్రుమనలేదు.